ఫెన్విక్ దొరగారి నడిమి కర్ర

1886 జనవరి 9 శనివారం మధ్యాహ్నం మూడుంపావుకు, వేణుపురం జిల్లా జడ్జి ఫెన్విక్ దొరగారి వెనక పాతిన మూడు కర్రల్లో నడిమి కర్ర పడిపోయింది. నాలుగు వందల మంది చూశారు. అది పడిపోయిందని తేలడానికి పదకొండేళ్ల నాలుగు నెలలు పట్టింది.

అందరికంటే తిన్నగా చూసినవాడు కోర్టు నాజరు కూచిమంచి అచ్యుతరామయ్య. సమన్లు పంపించడం, జప్తులు చేయించడం నాజరు పని. ఆ రోజు మాత్రం ఆయన అంపైరు. తెల్లకోటు తొడుక్కుని అవతలి కర్రల వెనక నిలబడ్డారు. బంతి వెళ్లడం చూశారు. దొరగారి బ్యాటుకూ కాలికీ మధ్య సందు చూశారు. కర్ర పడడం చూశారు. ఆయన కళ్లకు ఏ జబ్బూ లేదు.

ఫెన్విక్ దొరగారు ఇంగ్లండులో బారిష్టరీ చదివిన రోజుల్లో ఎండాకాలాలన్నీ క్రికెట్టు ఆడారు. ఆడినందుకు ఏమీ పుచ్చుకోలేదు. ఆ దేశంలో ఊరికే ఆడేవాణ్ని పెద్దమనిషి అంటారు. కూలి పుచ్చుకుని ఆడేవాణ్ని ఆటగాడు అంటారు. ఇద్దరూ మైదానంలోకి వేరువేరు గేట్లలోంచి వస్తారు. దొరగారు వేణుపురం వచ్చాక కోర్టు ఆవరణలో నేల చదును చేయించి, రెండు గేట్లు పెట్టించి, ఏటా సంక్రాంతి సెలవులకు ముందు పెద్దమనుషులకూ ఆటగాళ్లకూ పోటీ పెట్టేవారు. జడ్జీలు, మునసబులు, వకీళ్లు పెద్దమనుషులు. అమీనులు, బంట్రోతులు ఆటగాళ్లు. వకీళ్లు ఫీజు పుచ్చుకుంటారు గదా అని ఒకరు అడిగారు. ఆటకు పుచ్చుకోవడం లేదు గదా అన్నారు దొరగారు. బంట్రోతులు కూడా ఆటకు పుచ్చుకోవడం లేదన్న సంగతి ఎవరూ ఎత్తలేదు. నాజరు ఏ గేటులోంచి రావాలో తేలక, ఆయన్ని అంపైరును చేశారు. ఆయన గోడ దూకి వచ్చేవారు.

బంతి వేసినవాడు పోలయ్య. తొమ్మిదేళ్లుగా ఆక్టింగు బంట్రోతు. అసలు బంట్రోతు వీరన్న కాశీకి సెలవు మీద వెళ్లి తిరిగి రాలేదు. చచ్చిపోయినట్టు కాగితం లేదు, బతికున్నట్టూ లేదు. అందుచేత ఆ ఉద్యోగం ఖాళీ కాలేదు, పోలయ్యది ఖాయం కాలేదు. వాడు రోజూ పొద్దున్నే దొరగారి సాధనకు బంతులు వేసేవాడు. చిన్నప్పుడు జొన్నచేలో వడిసెలతో పిట్టల్ని కొట్టిన చెయ్యి. దొరగారి ఎడంకాలు సమయానికి ముందుకు రాదని రెండో నెలలోనే కనిపెట్టాడు. కనిపెట్టి ఊరుకున్నాడు. దొరని కొట్టడం బంట్రోతు పని కాదు గదా.

పోటీకి వారం ముందు దొరగారు కచేరీ వసారాలో నిలబడి, పరీక్ష ప్యాసైన తెలుగులో అన్నారు:

"పోలయ్యా, నీవు నాకు దయతో బంతి వేయుచున్నావు. అది నాకు అవమానము. పోటీ దినమున నన్ను పడగొట్టిన యెడల నీ యుద్యోగమును ఖాయము చేసెదను. నాజరు సాక్షి."

"చిత్తం," అన్నారు అచ్యుతరామయ్యగారు.

 దొర వెళ్లాక పోలయ్య, "బాబూ, ఆయన నిజంగానే అన్నారా?" అని అడిగాడు.

"నేను విన్నానురా."

"మీరు విన్నారంటే చాలండి."

దొరగారు నలభై ఒక్క పరుగుల మీద ఉండగా పోలయ్య దయ చూపించడం మానేశాడు.

కర్ర పడగానే దొరగారు నవ్వారు. బ్యాటు చంకలో పెట్టుకుని గేటు వైపు నడిచారు. అవుటైన పెద్దమనిషి అంపైరు చెప్పేదాకా ఆగడు, అది ఆయన పెరిగిన పద్ధతి. పది అడుగులు వేశారో లేదో, గవర్నమెంటు ప్లీడరు వేపా సోమసుందరం పంతులుగారు అడ్డం వచ్చారు. ఆయన కూడా పెద్దమనుషుల పక్షమే.

"దొరవారు ఎక్కడికి దయచేస్తున్నారు?"

"నేను పడగొట్టబడితిని. వెడలుచున్నాను."

"పడగొట్టబడినట్టు ఉత్తరువు ఏదండి?"

దొరగారు వెనక్కి చూపించారు. "కర్ర నేల మీద నున్నది."

"ఉంది. భౌతికంగా పడి ఉంది. చట్టరీత్యా నిలబడే ఉంది. దొరవారి పద్నాలుగో సర్క్యులరు చిత్తగించాలి."

ఆ సర్క్యులరు కిందటేడు దొరగారే రాశారు. ఎవడో నోటిమాటగా చెప్పాడని ఒక అమీను ఒకరికి బదులు ఇంకొకరి గేదెను జప్తు చేస్తే, కోపం వచ్చి రాసింది. ఈ కోర్టు ఆవరణలో జరిగిన ఏ పనీ వ్రాతమూలకమైన ఉత్తరువు పుట్టి, సంతకమై, దాఖలయ్యేవరకు జరిగినట్టు భావింపరాదు.

"మైదానం కోర్టు ఆవరణలోనిదే," అన్నారు పంతులుగారు. "ఉత్తరువు లేకుండా దొరవారు స్థానం విడిచిపెడితే, జిల్లా జడ్జి తన స్థానాన్ని అనధికారంగా విడిచిపెట్టినట్టు అవుతుంది. రేపు ఏ కక్షిదారైనా దాన్నే దృష్టాంతంగా చూపిస్తాడు. ఆపైన తమ చిత్తం."

 తను పెట్టిన నిబంధనను తనే మీరడం పెద్దమనిషి లక్షణం కాదు. దొరగారు వెనక్కి వెళ్లి, పడిపోయిన కర్ర ముందు బ్యాటు పట్టుకుని నిలబడ్డారు.

"నాజరు, ఉత్తరువు వ్రాయుము. రెండు నిమిషముల పని."

అచ్యుతరామయ్యగారి కుడిచెయ్యి లేచింది. భుజం దాకా వచ్చింది. ఇంకో జానెడు లేస్తే అవుటని చూపించే వేలు పైకి ఉండేది.

"నాజరుగారూ," అన్నారు పంతులుగారు, "మిమ్మల్ని ఉద్యోగంలో వేసింది ఎవరు?"

"జిల్లా జడ్జీగారండి."

"తీసెయ్యగలిగింది ఎవరు?"

"వారేనండి."

"అలాంటప్పుడు వారికి ప్రతికూలంగా తీర్పు చెప్పే అధికారం మీకు ఏ సెక్షను కింద సంక్రమించింది? తెలుసుకుందామనే అడుగుతున్నాను."

భుజం దాకా వచ్చిన చెయ్యి చెవి దగ్గరికి వెళ్లింది. నాజరుగారు చెవి గోక్కున్నారు.

"బాబూ, పడింది గదండీ," అన్నాడు పోలయ్య.

"ఉండరా. పైవారిని అడుగుదాం."

"పైవారు చూడలేదు గదండీ. మీరు చూశారు."

నాజరుగారు తెల్లకోటు బొత్తాలు విప్పడం మొదలుపెట్టారు. 

సాయంత్రం పీట మీద కూర్చున్న నాజరుగారికి వడ్డిస్తూ భార్య సూరమ్మగారు అడిగారు: "దొర పడ్డాడటగా? వీధంతా చెప్పుకుంటున్నారు."

"పడ్డాడు. కాని పడ్డట్టు ఇంకా తేలలేదు."

"చారు పోశాను. పోసినట్టు తేలాలా, తింటారా?"

ఆయన తిన్నారు.

సోమవారం నాడు విషయానికి కేసు నంబరు పడింది. కర్రను ఎవరూ ముట్టుకోకూడదని, మైదానాన్ని యథాస్థితిలో ఉంచాలని సబ్‌జడ్జీగారు ఉత్తరువు ఇచ్చారు. ఆయన ఆ రోజు దొరగారికి జోడీగా అవతలి కొసన ఆడిన మనిషి. కర్ర చుట్టూ తాడు కట్టారు. కాపలాకి ఒక మనిషి కావాలి. ఖాయం బంట్రోతులకు ఖాయం పనులున్నాయి. తాత్కాలికం ఒక్కడే ఉన్నాడు. పోలయ్య తను పడగొట్టిన కర్రకు తనే కాపలా కూర్చున్నాడు.

"ఎన్నాళ్లండి?" అన్నాడు.

"తేలేదాకా," అన్నారు నాజరుగారు. "ఎంత, వారం పది రోజులు."

ఎండాకాలం వచ్చేసరికి విచారణకు ఏడు అంశాలు ఏర్పరిచారు. ఒకటి, కర్ర పడినదా? రెండు, పడిన యెడల దానంతట అది పడినదా? మూడు, బంతి వలన పడిన యెడల ఆ బంతి పోలయ్య వేసినదేనా? నాలుగు, ఆ సమయమున ఫెన్విక్ దొరగారు జడ్జిగా నుండిరా, మనిషిగా నుండిరా? మిగిలిన మూడూ నాలుగోదాని శాఖలు.

నలభై ముగ్గురు సాక్షుల్ని పిలిచారు. నాజరుగారి వాంగ్మూలం రెండు రోజులు జరిగింది. దొరగారి కార్యాలయం తరఫున సోమసుందరం పంతులుగారు ప్రశ్నలు వేశారు.

"మీరు బంతిని చూస్తున్నారా, కర్రను చూస్తున్నారా?"

"రెండింటినీ అండి."

"ఏకకాలంలో?"

"బంతి కర్ర దగ్గరికే వెళ్లిందండి. అందుచేత రెండూ ఒకచోటే కనబడ్డాయి."

"గాలి వీస్తోందా?"

"వీస్తోందండి."

"గాలి వీస్తోందని సాక్షి ఒప్పుకున్నాడు. రాసుకోండి. ఆ గాలికి కర్ర పడి, ఆ పడిన కర్రకు బంతి తగిలి ఉండవచ్చునా?"

"ఉండదండి."

"ఉండవచ్చునా అని అడిగాను. ఉందా అని అడగలేదు."

నాజరుగారు జడ్జీ కుర్చీలో కూర్చున్న సబ్‌జడ్జీగారి వైపు చూశారు. ఆయన కిటికీ వైపు చూస్తున్నారు.

"ఉండవచ్చునండి," అన్నారు అచ్యుతరామయ్యగారు.

వాకిట్లో పోలయ్య ఎదురుపడ్డాడు. "ఏం చెప్పారు బాబూ?"

"అడిగినదానికి జవాబు చెప్పాను."

"గాలి అన్నారటండి."

"గాలి వీచిన మాట నిజమేగా."

"నిజమేనండి," అన్నాడు పోలయ్య. "నా చెమట ఆరింది."

అంతా విని సబ్‌జడ్జీగారు, జిల్లా జడ్జీగారి మీద తీర్పు చెప్పడం తన తాహతుకు మించినది కనుక కాగితాలన్నీ పై కోర్టుకు పంపుతున్నానని రాశారు. పై కోర్టు వారు, కింది కోర్టు ఒక అభిప్రాయం ఏర్పరచనిదే తాము జోక్యం చేసుకోలేమని తిప్పి పంపారు. కాగితాలు ఆరుసార్లు వెళ్లి ఆరుసార్లు వచ్చాయి.

ఈ లోపల ఫెన్విక్ దొరగారు ప్రతి నెలా మొదటి తారీకున ఒక ఉత్తరం దాఖలు చేసేవారు. అందులో ఒకటే వాక్యం: నేను అవుటైతిని. మొత్తం నలభై ఉత్తరాలు. పంతులుగారు వాటికి రాసిన జవాబును జిల్లాలోని వకీళ్లు చాలాకాలం మెచ్చుకున్నారు. సదరు ఇన్నింగ్సు జిల్లా జడ్జి హోదాలో, కోర్టు ఆవరణలో, కోర్టు సిబ్బంది సమక్షమున ఆడబడినది. కనుక అది ఆ కార్యాలయపు ఆస్తి. ఆస్తిని అనుభవించు అధికారి తన ఒప్పుకోలు వలన దానిని కార్యాలయమునకు నష్టపరచజాలడు. అనగా తాను అవుటైనానని చెప్పుటకు దొరగారికి హక్కు లేదు.

పై కోర్టు వారు ఆ వాదాన్ని అంగీకరించారు. పదకొండేళ్లలో వారు తొందరగా తేల్చింది అదొక్కటే.

1889లో ఫెన్విక్ దొరగారికి ఇంగ్లండు వెళ్లే వేళ వచ్చింది. అప్పగింతల జాబితాలో కోర్టు ముద్రలు, ఇనప్పెట్టె తాళాలు, బీరువాలు, ధర్మశాస్త్ర గ్రంథాలు రాశాక, అడుగున ఇలా రాశారు: బ్యాటు ఒకటి, ఇన్నింగ్సు ఒకటి, నలభై ఒక్క పరుగులు, అవుట్ కాలేదు. ఫెన్విక్ దొరగారు సంతకం పెట్టారు. తరవాత బయటికి వచ్చి, మైదానం దాకా నడిచి, పోలయ్యకు చెయ్యి ఇచ్చారు. జిల్లా జడ్జి బంట్రోతుకు చెయ్యి ఇవ్వడం వేణుపురంలో ఎవరూ ఎరగరు.

"నీ బంతి బాగుగా నుండెను," అన్నారు. "ఉద్యోగ విషయమై వ్రాసితిని. వారు చూచుకొందురు."

ఆయన స్థానంలో వచ్చిన క్రాస్లీ దొరగారు పుట్టాక ఎన్నడూ బ్యాటు పట్టినవారు కాదు. కాళ్లవాపు మనిషి. కుర్చీలోంచి లేవడానికి ఇద్దరు కావాలి. ఇన్నింగ్సు ఎవరూ ఆడకుండా వదిలేస్తే కాలదోషం పట్టి కార్యాలయం హక్కు పోతుందని పంతులుగారు అభిప్రాయం ఇచ్చారు. అందుచేత ప్రతి నెలా మొదటి శనివారం సాయంత్రం నాలుగింటికి జిల్లా జడ్జి పదినిమిషాల పాటు ఆ స్థానంలో హాజరుగా ఉండాలని నిర్ణయమైంది. క్రాస్లీ దొరగారిని కుర్చీతో సహా మోసుకొచ్చి, పడిపోయిన కర్ర ముందు దింపేవారు. ఒడిలో బ్యాటు పెట్టేవారు. ఒక బంట్రోతు గొడుగు పట్టేవాడు. ఎదర కొస నాజరుగారు తెల్లకోటుతో నిలబడేవారు. బంతి ఉండేది కాదు. పదినిమిషాలయ్యాక గుమాస్తా రిజిస్టరులో 'బంతి వేయబడలేదు, దొరవారు అవుట్ కాలేదు' అని రాసి సంతకం చేయించుకునేవాడు.

"నేను చేసిన తప్పేమిటి?" అని ఒకసారి ఎండలో క్రాస్లీ దొరగారు అడిగారు.

"తప్పేమీ లేదండి," అన్నారు అచ్యుతరామయ్యగారు. "తమరు ఆడుతున్నారు."

ఆయన తరవాత ఇంకో ఇద్దరు జడ్జీలు ఆ నలభై ఒక్క పరుగుల మీద వచ్చారు, వెళ్లారు. నాజరుగారికి రెండుసార్లు శిరస్తాదారు పదవి అందబోయి తప్పిపోయింది. సాక్షిని, అంపైరును ఉన్నచోటి నుంచి కదపకూడదని ఫైలులో ఉంది. ఆయన జుట్టు తెల్లబడింది. కోటు కూడా అంత తెల్లగా ఉండేది కాదు.

1892 వానలకు కర్రకు చెద పట్టింది. పోలయ్య పరుగెత్తుకొచ్చి చెప్పాడు. కర్రను ముట్టుకోకూడదు కనుక దులపడానికి ఉత్తరువు కావాలి. ఉత్తరువు వచ్చేసరికి దులపడానికి కర్ర లేదు. మట్టి మిగిలింది. పై కోర్టు వారిని అడిగితే, అసలు నశించినచోట నకలు దాఖలు చేయవచ్చునని సెలవిచ్చారు. జైలు వడ్రంగి చేత తుమ్మకర్రతో అదే పొడవుకు ఇంకొకటి చెక్కించారు. దాని మీద కాల్చిన ఇనుముతో 'అసలుకు సరియైన నకలు' అని ముద్ర వేశారు. కింద నాజరుగారు సంతకం చేశారు. నిలబెట్టడానికి చెక్కిన కర్రే అయినా, దాన్ని పడుకోబెట్టారు. ఎంత వాలులో పడుకోబెట్టాలో చెప్పడానికి మళ్లీ పదకొండు మంది సాక్షులు వచ్చారు.

"ఈ కర్రని నేను పడగొట్టలేదండి," అన్నాడు పోలయ్య దాన్ని చూసి.

"అలా ఎక్కడా అనకురా," అన్నారు నాజరుగారు.

తీర్పు 1897 మే నెలలో వచ్చింది. సెలవుల్లో పాత కాగితాలు తగ్గించమని పై కోర్టులో ఎవరో అన్నారట. నాలుగు వాక్యాలు. కర్ర పడినది. బంతి వలన పడినది. బంతి పోలయ్య వేసినది. జిల్లా జడ్జి అవుట్.

మైదానంలో తీర్పు చదివి వినిపించారు. అప్పటి దొరగారు బ్యాటు గుమాస్తాకిచ్చి, ఎవరి వైపూ చూడకుండా గేటులోంచి వెళ్లిపోయారు. తాడు విప్పేశారు. పోలయ్య లేచి నిలబడ్డాడు. జుట్టు నెరిసిన పోలయ్య.

"ఇంక ఖాయమేనా బాబూ?"

"అర్జీ పెట్టు. నేనే రాసిస్తాను," అన్నారు అచ్యుతరామయ్యగారు. తన సర్వీసులో అంత బాగా ఏ అర్జీ రాయలేదు. వసారాలో తన చెవులతో విన్న మాటలు, విన్న తారీకు, గంట రాశారు. సాక్షిగా సంతకం పెట్టారు.

సమాధానం పన్నెండు రోజుల్లో వచ్చింది. పంతులుగారి సలహా మీద తయారైంది. పంతులుగారు అప్పటికి రావుబహద్దరు. ఇన్నింగ్సు ఫెన్విక్ దొరగారు హోదా రీత్యా ఆడినది. వాగ్దానము మాత్రము స్వంత హోదాలో చేసినది. స్వంత వాగ్దానమునకు కార్యాలయము బాధ్యత వహింపదు. మరియు, పోలయ్య కర్ర కాపలాలో నుండిన కారణమున వీరన్న స్థానము 1888లోనే వేరొకరికి ఖాయముగా నీయబడినది. మరియు, తీర్పు వెలువడినందున కర్రకు కాపలా అనవసరము. కావున పోలయ్య సేవలు ఈ నెలాఖరుతో చాలించడమైనది.

నాజరుగారు ఆ కాగితం పట్టుకుని రావుబహద్దరుగారి ఇంటికి వెళ్లారు. ఆయన ఉయ్యాలబల్ల మీద కూర్చుని ఉన్నారు.

"ఆడినవాడూ మాట ఇచ్చినవాడూ ఒక్కరే గదండీ," అన్నారు నాజరుగారు.

"శరీరం ఒకటే నాజరుగారూ. హోదాలు రెండు. కాశీ వెళ్లిన వీరన్నకు శరీరం ఉందో లేదో తెలియదు, అయినా హోదా పదకొండేళ్లు నిలబడింది కాదూ? చట్టం హోదాని చూస్తుంది. కాఫీ పుచ్చుకుంటారా?"

"వాడు పడగొట్టాడండి. నేను చూశాను."

"చూస్తే ఆ రోజే చెప్పవలసింది," అన్నారు రావుబహద్దరుగారు. కోపంగా అనలేదు. కాఫీ ఊదుకుంటూ అన్నారు.

ఆగస్టులో రికార్డుగది తనిఖీ జరిగింది. నకలు కర్ర పేరు సామాను జాబితాలో ఉంది, కర్ర గదిలో లేదు. ముద్ర వేసిన నకలు కర్ర మాయం కావడం నేరం కనుక, ఆఖరున కాపలా ఉన్న పోలయ్య ఇల్లు సోదా చేయమని నాజరుకు వారంటు ఇచ్చారు. దొరికితే ఆరునెలలు.

అచ్యుతరామయ్యగారు ఒక్కరే వెళ్లారు. రిటైరవడానికి ఇంకా మూడు వారాలుంది. పోలయ్య ఇల్లు ఊరి చివర గుడిసె. వాకిట్లో మేక కట్టేసి ఉంది. మేకను కట్టిన గుంజ మీద ఎండ పడి, కాల్చిన అక్షరాలు చదవడానికి వీలుగా ఉన్నాయి. కింద ఆయన సంతకం.

పోలయ్య బయటికి వచ్చాడు. వారంటు చూశాడు. గుంజ వైపు చూడలేదు.

"చూశారా బాబూ?" అన్నాడు.

నాజరుగారు మేకను చూశారు. గుంజను చూశారు. తన సంతకాన్ని చూశారు. తరవాత అరుగు మీద కూర్చుని, వారంటు వెనక రాశారు: ఇల్లును, వాకిలిని స్వయముగా సోదా చేయగా సదరు కర్ర కానరాలేదు.

సంతకం పెట్టారు. తారీకు, గంట వేశారు. పైవారిని అడగలేదు.

"లేదురా," అన్నారు.

ఆ నివేదిక మీద ఎవరూ ఏ ప్రశ్నా వేయలేదు. నాజరు రాశాడు కనుక అది నిజమైపోయింది.

ఆయన లేచి వీధిలోకి నాలుగు అడుగులు వేసేసరికి, మేక దేన్ని చూసిందో తాడు గుంజింది. వెనక చప్పుడైంది. తిరిగి చూశారు. తుమ్మకర్ర నేల మీద పడి ఉంది.

"పడిందండి," అన్నాడు పోలయ్య.

అచ్యుతరామయ్యగారు వీధి అటూ ఇటూ చూశారు. ఎవరూ లేరు. అప్పుడు కుడిచెయ్యి లేచింది. భుజం దాటింది. చెవి దగ్గర ఆగలేదు. చూపుడువేలు తిన్నగా పైకి లేచి, అలా కొంచెంసేపు ఉంది.